ఫ్యాక్టరీలో ఆరేళ్ళు చేశాక ఎంబీఏకో ఎంటెక్‌కో వెళ్ళడం ఆలస్యమా? రాయగడ తమ్ముడికి నా సమాధానం

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను తమ్ముడూ. మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. వయసు 28. పదో తరగతి దాకా ఒడియా మీడియం, తర్వాత మెకానికల్ డిప్లొమా, లాటరల్ ఎంట్రీలో (నేరుగా రెండో ఏడాదిలో చేరి) బీటెక్, సీజీపీఏ 6.4. ఒడిశాలోని రాయగడ దగ్గర ఒక ప్లాంటులో ఆరేళ్ళుగా మెయింటెనెన్స్, అందులో మొదటి రెండేళ్ళు కాంట్రాక్టరు కింద, తర్వాత నాలుగేళ్ళు కంపెనీ రోల్ మీద. ఇప్పుడు పైచదువుకి వెళ్ళాలని ఉంది. ఎంబీఏనా, ఎంటెక్కా, విదేశాల్లో ఎంఎస్సా తేలడం లేదు. మార్కులు తక్కువ, ఇంగ్లీషు తడబడుతుంది, ఇంట్లో పెళ్ళి మాటలు మొదలయ్యాయి, ఉద్యోగం మానేసి కూర్చుని చదవాలా అని టెన్షన్.

నేనూ రాయగడ వాడినే. మా తాతగారు పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. పేపరు మిల్లులో ఏడేళ్ళు మెయింటెనెన్స్ చేసి 30 ఏళ్ళప్పుడు ఏడాది ఎంబీఏకి వెళ్ళాను. మొదటిసారి రాలేదు, మరుసటి ఏడు వచ్చింది. అప్పటి నుంచి రాయగడ, గుణుపురం, జయపురం, బరంపురం పిల్లలు తమ అప్లికేషన్లు పంపిస్తుంటే చదివి సరిదిద్దుతున్నాను. కాబట్టి చెప్పేదంతా చేతిలో పట్టుకుని చూసిన కాగితాల మీద చెప్తున్నాను.

సూటిగా: ఆలస్యం కాలేదు. ఉద్యోగం మానొద్దు. నీ 6.4ని ఇక ఎవరూ మార్చలేరు, దాని గురించి బెంగ వదిలెయ్. కానీ ఆరేళ్ళు పనిచేశాను అన్నంత మాత్రాన ఎవరూ సీటివ్వరు. ఆ ఆరేళ్ళలో నువ్వు ఉండటం వల్ల ఏం మారిందో కాగితం మీద పెట్టగలిగితేనే ఇస్తారు. ఆ పని చాలామంది చేయరు. నేను కూడా మొదటి ఏడు చేయలేదు.

ముందు ఏ కోర్సో తేల్చుకో. నన్నడిగితే చిన్న పరీక్ష ఒకటుంది. పంపు ఆగిపోయి రాత్రి రెండింటికి నిన్ను పిలిపించినప్పుడు నీ బుర్రలో తిరిగేది ఏంటి? ఆ ఇంపెల్లరు (పంపు లోపల తిరిగే చక్రం) ఎందుకు అరిగిపోతోంది, ఆ మెటీరియల్ మారిస్తే ఏమవుతుంది అన్నది తిరుగుతుంటే నువ్వు ఎంటెక్ మనిషివి. ఈ స్పేర్ ఆరు నెలల క్రితమే అడిగాం కదా, ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు, స్టోర్స్‌లో అనవసరమైనవి అన్నీ ఉండి ఇదొక్కటే ఎందుకు లేదు అని మండిపోతుంటే ఎంబీఏ మనిషివి. పక్కింటి అబ్బాయి ఏది చేశాడన్నది, ఏది చేస్తే జీతం ఎంతన్నది ఆ తర్వాత సంగతి. జీతం చూసి ఎంచుకున్నవాడికి ఇంటర్వ్యూలో మూడో ప్రశ్న దగ్గరే మాట ఆగిపోతుంది, చాలాసార్లు చూశాను.

ఎంబీఏ అయితే రెండు దారులు. ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ రాసి రెండేళ్ళ కోర్సుకి వెళ్ళడం ఒకటి. అక్కడ నీ పక్కన కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది ఫ్రెషర్లు, ఒకటి రెండేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు. షార్ట్‌లిస్టులో పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులకి కూడా వెయిటేజీ ఉంటుంది, పని అనుభవానికి ఇచ్చే మార్కులు చాలా ఐఐఎంలలో మూడేళ్ళ దగ్గరకి వచ్చేసరికి గరిష్ఠానికి చేరిపోతాయి, ఆపైన నువ్వు ఎన్నేళ్ళు చేసినా అదనంగా రాదు. అంటే నీ ఆరేళ్ళలో సగం లెక్కలోకే రాదు, 6.4 మాత్రం పూర్తిగా లెక్కలోకి వస్తుంది. అది నీకు నష్టమైన బేరం.

రెండోది అనుభవం ఉన్నవాళ్ళ కోసమే పెట్టిన సుమారు ఏడాది కోర్సులు. ఐఐఎం అహ్మదాబాద్ పీజీపీఎక్స్, బెంగళూరు ఈపీజీపీ, కలకత్తా పీజీపీఈఎక్స్, లక్నో ఐపీఎంఎక్స్, జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐలో జనరల్ మేనేజ్‌మెంట్ ఇవన్నీ ఆ కోవలోవి. అహ్మదాబాద్ కనీసం నాలుగేళ్ళ అనుభవం అడుగుతుంది, మిగతావి సాధారణంగా ఐదేళ్ళు. హైదరాబాద్ ఐఎస్‌బీ పీజీపీ రెండేళ్ళ అనుభవం నుంచే తీసుకుంటుంది. వీటికి ఎక్కువగా జీమ్యాట్ లేదా జీఆర్‌ఈ అనే పరీక్షల స్కోరు అడుగుతారు, ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ అయితే తన సొంత పరీక్ష గ్జాట్ కూడా తీసుకుంటుంది. ఇక్కడ నీ ఫైలు మొత్తం మనిషి చదువుతాడు, వ్యాసాలు చదువుతాడు. 6.4 కనపడుతుంది, కాని దాని పక్కన ఆరేళ్ళ పని కూడా కనపడుతుంది. నీకు ఇదే సరైన దారి అని నా అభిప్రాయం. ఒకవేళ డబ్బు విషయంలో, ఇంటి విషయంలో కదలలేని పరిస్థితి అయితే ఉద్యోగం చేస్తూనే చదివేవి ఉన్నాయి. ఇగ్నో ఎంబీఏకి కొరాపుట్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది, బిట్స్ పిలానీ వాళ్ళు ఉద్యోగస్తుల కోసం 1979 నుంచి నడుపుతున్న ప్రోగ్రాములు ఉన్నాయి. ప్లాంటులోనే పైకి వెళ్ళాలనుకునేవాడికి ఇవి పనికొస్తాయి. రంగం మారాలనుకునేవాడికి మాత్రం వీటితో అంత తేలిగ్గా అవదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఎంటెక్ అయితే గేట్ రాయి. 65 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు, స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. గేట్‌తో సీటొస్తే నెలకి 12,400 రూపాయల స్టైపెండ్ ఉంటుంది, జీతం వదులుకుని వెళ్ళేవాడికి అది చిన్న విషయం కాదు. ఎన్‌ఐటీల ఎంటెక్ సీట్లలో బీటెక్‌లో ఉన్నట్టు హోమ్ స్టేట్ కోటా ఉండదు, వరంగల్ అయినా రూర్కెలా అయినా నీకు సమానమే. అదే ఆంధ్ర యూనివర్సిటీల్లో రాష్ట్ర కోటా సీట్లు ఆశిస్తే కుదరదు. మనం తెలుగువాళ్ళమే కాని, ఇక్కడ పుట్టి ఇక్కడ చదివి తల్లిదండ్రులు కూడా ఇక్కడే ఉన్నవాళ్ళం అక్కడ లోకల్ కాము. విజయనగరంలో మేనమామ ఉన్నాడు కదా అని ఆ అడ్రసు పెట్టి ఒకబ్బాయి ఏడాది పోగొట్టుకున్నాడు. మనకి ఒడిశా జేఈఈ, లేదంటే జాతీయ స్థాయి పరీక్షలు, అంతే.

విదేశాల సంగతి కొంచెమే చెప్తాను, ఎందుకంటే ఆ దారిలో నేను నడవలేదు, నా దగ్గరికి వచ్చిన ఏడెనిమిది మంది ఫైళ్ళు మాత్రమే చూశాను. డిప్లొమా చేశాను కదా, అక్కడ అడిగే 16 ఏళ్ళ చదువు అవుతుందా అని అడిగావు. పది, మూడు, మూడు కలిపితే పదహారే. కాకపోతే డిప్లొమా మార్కుల జాబితాలు కూడా అడుగుతారు, అవి దాచి ఉంచు. జర్మనీ అయితే 2022 నవంబరు నుంచి మనవాళ్ళకి చదువు వీసాకి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు అసలైనవేనని వాళ్ళు చూసి ఇచ్చేది) తప్పనిసరి, దానికి టైము పడుతుంది. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు లేదు నిజమే, కాని ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు బ్లాక్డ్ అకౌంటులో (నెలనెలా కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతా) చూపించాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మొదటి ఏడు నేను రాసిన వ్యాసంలో నాయకత్వ లక్షణాలు, టీమ్ వర్కు, సవాళ్ళంటే ఇష్టం అన్న మాటలే ఉన్నాయి. వైజాగ్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్ళ దగ్గర డబ్బు కట్టి దిద్దించుకున్నాను. ఇంగ్లీషు చక్కగా ఉంది. చదివితే మాత్రం నేను పేపరు మిల్లులో పని చేశానా బ్యాంకులో చేశానా తెలియదు. రిజెక్ట్ అయింది. తర్వాత తెలిసింది, అదే చోట రాయించుకున్న ఇంకో అబ్బాయి వ్యాసంలో మూడు పేరాలు నావే ఉన్నాయని.

రెండో ఏడు కన్సల్టెన్సీ జోలికి పోలేదు. మా డ్రైయర్ సెక్షన్‌లో ఒకే రోలు బేరింగు ఏడాదిలో నాలుగుసార్లు పోయింది. ప్రతిసారీ మెషిన్ ఆపడం, కొత్తది ఎక్కించడం, గ్రీజు పెట్టి మళ్ళీ నడపడం, షిఫ్ట్ రిపోర్టులో ఒక లైను రాయడం, అంతే. నాలుగోసారి పాత బేరింగుని స్క్రాప్‌లో వేయకుండా వర్క్‌షాపులో కోయించి చూశాను. ఒకవైపే అరిగింది. అలైన్‌మెంట్ తేడా. అది ఇంజనీరు ఎవరైనా పట్టేదే, అందులో గొప్పేం లేదు. నేను వ్యాసంలో రాసింది దాని తర్వాత జరిగిన సంగతి. గ్రీజు పెట్టే కాంట్రాక్టు కుర్రాడు ఒకడు, కువి అనే ఆదివాసీ భాష మాట్లాడే కొండ ఊరి పిల్లవాడు, ఆ బేరింగు పోవడానికి మూడు రోజుల ముందే అటువైపు చప్పుడు మారిందని షిఫ్టులో ఒకరికి చెప్పాడట. అతనికి ఒడియా అంతంతమాత్రం, విన్నవాడికి కువి రాదు, ఎవరూ రాసుకోలేదు. ఆ మాట తెలిశాక నేను ఒక రిజిస్టరు పెట్టాను. గ్రీజు పెట్టేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు ఎవరైనా సరే చప్పుడు, వేడి, వాసన దేనిలో తేడా కనిపించినా ఏ భాషలోనైనా చెప్పొచ్చు, షిఫ్ట్ ఇంజనీరు వెంటనే రాసి సంతకం పెట్టాలి, మర్నాడు పొద్దున మీటింగులో చదవాలి. మొదట్లో మా వాళ్ళు ఒప్పుకోలేదు. రెండు నెలలు నేను ఒక్కడినే రాశాను. తర్వాత ఒక వాక్యూమ్ పంపు విషయంలో ఆ రిజిస్టరు మాట నిజమైంది, అప్పటి నుంచి అందరూ రాయడం మొదలుపెట్టారు.

ఇంటర్వ్యూలో ముప్పావు గంట కూర్చోబెడితే అందులో అరగంట ఆ రిజిస్టరు గురించే అడిగారు. ఎందుకు ఒప్పుకోలేదు, ఎవరికి నష్టమనిపించింది, నువ్వు వెళ్ళిపోయాక అది నడుస్తుందా అని. నడవకపోవచ్చు, అందుకే ఇలాంటి పద్ధతులు మనిషి మీద ఆధారపడకుండా ఎలా నిలబెడతారో నేర్చుకోవడానికి వచ్చాను అన్నాను. అది అప్పటికప్పుడు తోచిన మాట కాదు, రాసేటప్పుడు నెల రోజులు ఆ సంగతే ఆలోచించాను కాబట్టి నోటికి వచ్చింది.

నీకూ ఇలాంటివి ఉంటాయి. లేవని అంటావు, నా దగ్గరికి వచ్చిన ప్రతివాడూ మొదటి రోజు లేవనే అంటాడు. ఒక నోటు పుస్తకం కొని ఈ వారమే మొదలుపెట్టు. ఆరేళ్ళ షట్‌డౌన్లన్నీ తేదీలవారీగా గుర్తుచేసుకుని రాయి. ఎక్కడ నీ మాట నెగ్గింది, ఎక్కడ నెగ్గలేదు, ఎక్కడ నువ్వు తప్పు చేశావు, ఎంతసేపు మెషిన్ ఆగింది, ఎన్ని టన్నులు పోయాయి, తర్వాత ఎంత తగ్గింది. అంకెలు ఊహించి రాయకు, పాత లాగ్ పుస్తకాలు ప్లాంటులోనే ఉన్నాయి, చూసి రాసుకో. కంపెనీ రహస్యాలు మాత్రం వ్యాసంలోకి రాకూడదు, ఖచ్చితమైన ఉత్పత్తి అంకె బదులు ఆగిన గంటలు సగానికి తగ్గాయి అంటే చాలు. ఇది ఇంగ్లీషులో రాయాలని కూర్చోకు. తెలుగులోనో ఒడియాలోనో నీకు ఏది చేతికి వస్తే అందులో రాయి. నేను మొత్తం తెలుగులోనే రాసుకున్నాను, ఇంగ్లీషు చివరి పదిహేను రోజుల పని.

కాంట్రాక్టరు కింద చేసిన రెండేళ్ళు లెక్కలోకి వస్తాయా అన్నావు. ఇది మన ప్రాంతంలో చాలామందికి ఉన్న సమస్య, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. వస్తాయి, పూర్తికాలం పని అయి ఉండి, బీటెక్ అయ్యాక చేసినదై ఉండి, రుజువులు ఉంటే. రుజువంటే కాంట్రాక్టరు ఇచ్చిన అపాయింట్‌మెంట్ లెటరు, జీతం స్లిప్పులు, అవి లేకపోతే జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ పాస్‌బుక్. యూఏఎన్ నంబరుతో ఆన్‌లైన్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తీస్తే ఏ నెల ఏ సంస్థ కట్టిందో ఉంటుంది, అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. ఫారంలో మాత్రం ఆ రెండేళ్ళకి యజమాని పేరు కాంట్రాక్టరుదే రాయి, పని స్థలంగా ప్లాంటు పేరు రాయి. ఆరేళ్ళూ పెద్ద కంపెనీ పేరే రాసి సీటొచ్చాక వెరిఫికేషన్‌లో దొరికిపోయిన ఒకబ్బాయి నాకు తెలుసు, అడ్మిషన్ పోయింది, కట్టిన డబ్బులో కొంత కూడా పోయింది. తెలివైన కుర్రాడు, ఉన్నది ఉన్నట్టు రాస్తే సీటు నిలిచేది. డిప్లొమా అయ్యాక బీటెక్‌కి ముందు ఏమైనా చేసి ఉంటే అది అనుభవం కింద లెక్కకి రాదు, అప్రెంటిస్ ఏడాది కూడా చాలా చోట్ల రాదు.

సిఫారసు లేఖలు. మీ హెచ్‌ఓడీకి (డిపార్ట్‌మెంటు పెద్దకి) చెప్తే ఇంక్రిమెంటు ఆగుతుందని భయపడుతున్నావు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు, నాకు కూడా ఒక ఏడు అలాగే ఆగింది. అందుకే ముందు, నీతో పనిచేసి ఇప్పుడు వేరే ప్లాంటుకి వెళ్ళిన పై అధికారి ఎవరైనా ఉన్నారా చూడు. వాళ్ళు నిర్భయంగా రాస్తారు, నీ పని కూడా తెలుసు. ఎంబీఏకి ఆరేళ్ళ క్రితం పాఠం చెప్పిన లెక్చరరు లేఖ వల్ల ఉపయోగం లేదు. ఎంటెక్‌కో ఎంఎస్‌కో మాత్రం ఒక్కటైనా ప్రొఫెసరుది కావాలి. లేఖలు చాలా చోట్ల ఆఫీసు ఈమెయిలు నుంచే రావాలంటారు, మన ప్లాంటుల్లో పెద్దవాళ్ళు కొందరు జీమెయిలే వాడతారు, ముందే కనుక్కో. నువ్వే రాసుకో బాబూ నేను సంతకం పెడతాను అంటారు, అలా చేయకు. నీ వ్యాసం, ఆ లేఖ ఒకే చేతి రాత అని చదివేవాళ్ళకి రెండు పేరాల్లో తెలిసిపోతుంది. ఆయనతో కూర్చుని టీ తాగుతూ నువ్వు చేసిన మూడు నాలుగు పనులు గుర్తుచేసి, ఒక పేజీ నోట్సు చేతికిచ్చి, మీ మాటల్లో రాయండి సార్ అని అడుగు.

పేరు. ఇది చిన్నదిగా కనపడుతుంది, మనవాళ్ళని ఇదే ఎక్కువగా ఏడిపిస్తుంది. మన ఇళ్ళల్లో ఇంటిపేరు ముందు. ఒడిశా బోర్డు సర్టిఫికెట్‌లో ఒకసారి ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంటుంది, ఇంకోచోట పూర్తిగా చివర ఉంటుంది, కొందరికి రావు అన్నదే ఇంటిపేరుగా పడిపోయింది. ఆధార్‌లో ఒక రకం, పాస్‌పోర్టులో ఇంకో రకం. జీమ్యాట్‌కి పాస్‌పోర్టు చూపించాలి, దాని మీద ఉన్న పేరుతోనే రిజిస్ట్రేషన్ ఉండాలి, తేడా ఉంటే పరీక్ష గదిలోకి రానివ్వరు, కట్టిన డబ్బు పోతుంది. కాబట్టి పదో తరగతి సర్టిఫికెట్ పేరుని ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి కలుపు. కుదరని చోట ఇద్దరూ ఒకరే అని అఫిడవిట్ చేయించుకో. అలాగే ఓబీసీ వాళ్ళయితే కేంద్ర జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుందని గుర్తుపెట్టుకో. ఆంధ్రలో ఉన్న కులం ఒడిశా జాబితాలో అదే పేరుతో ఉందో లేదో ముందు చూసుకుని తహసీల్ ఆఫీసుకి వెళ్ళు, నాన్‌క్రీమీలేయరు సర్టిఫికెట్ కొత్తది కావాలి, పరీక్షల ఫారాల్లో క్యాటగిరీ ఒకసారి పెట్టాక చాలావాటిలో మార్చనివ్వరు.

పరీక్షకి చదవడం గురించి. ఇప్పటి జీమ్యాట్ రెండుంపావు గంటలు, క్వాంట్, వెర్బల్, డేటా ఇన్‌సైట్స్ మూడు భాగాలు ఒక్కొక్కటి 45 నిమిషాలు, స్కోరు 205 నుంచి 805 దాకా, ఐదేళ్ళు చెల్లుతుంది. పాత పుస్తకాలు ఎవరైనా ఇస్తే తీసుకోకు, 2024 ఫిబ్రవరి నుంచి పాత పద్ధతి లేదు, 700 దాటాలి అనే పాత లెక్కలు ఇప్పటి స్కోరుకి అతకవు. మన షిఫ్టుల్లో రోజూ మూడు గంటలు చదవాలి అనే టైంటేబుల్ నిలబడదు, ఎవడికీ నిలబడలేదు. నేను ఎలా చేశానంటే, సి షిఫ్టు (రాత్రి) వారం అసలు పుస్తకం ముట్టలేదు, నిద్ర మాత్రమే. బి షిఫ్టు (మధ్యాహ్నం) వారం పొద్దున ఆరు నుంచి తొమ్మిది, బుర్ర తేలిగ్గా ఉంటుంది కాబట్టి లెక్కలు. ఎ షిఫ్టు (పొద్దున) వారం సాయంత్రం గంటన్నర, చదవడం మాత్రమే. వీక్లీ ఆఫ్ రోజు ఒక పూర్తి మాక్ టెస్టు. ఇలా ఎనిమిది నెలలు పట్టింది. సెలవు పెట్టింది చివరి పది రోజులే. ఇంటి నుంచి రాసే అవకాశం ఉంది కాని, మన దగ్గర కరెంటు, నెట్ సంగతి తెలుసు కదా, సెంటరుకి వెళ్ళి రాయడమే మంచిది, ముందు రోజు సాయంత్రానికే ఆ ఊరు చేరు.

ఇంగ్లీషు గురించి నీకున్న భయం నాకు బాగా తెలుసు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లీషు అన్నది పుస్తకంలో తప్ప నోట్లో లేదు. నేను చేసింది ఒకటే, నోటు పుస్తకంలో ఉన్న పన్నెండు సంఘటనల్ని రోజుకొకటి చొప్పున ఫోన్‌లో ఇంగ్లీషులో చెప్పి రికార్డు చేసుకుని వినేవాడిని. నీ సొంత పని గురించి నువ్వు చెప్పగలిగితే వాళ్ళకి చాలు, గ్రామరు ఒకటి రెండు చోట్ల జారినా పట్టించుకోరు. ఇంకొకటి, మూడు భాషల్లో మనుషులతో పని చేయించిన అనుభవాన్ని నువ్వు లోపంలా చెప్తున్నావు. పెద్ద నగరంలో ఏసీ గదిలో పనిచేసి వచ్చినవాడికి అది లేదు. దాన్ని వ్యాసంలో పెట్టు.

రాయగడ అని చూడగానే నియమగిరి కొండల గురించి అడుగుతారు, సిద్ధంగా ఉండు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఏం చెప్పింది, ఆ ఏడు పన్నెండు గ్రామసభలు బాక్సైట్ తవ్వకాన్ని ఎందుకు వద్దన్నాయి, ఫ్యాక్టరీలో పనిచేసే నువ్వు దాన్ని ఎలా చూస్తావు అని. ఏ పక్షమైనా తీసుకో, కాని ఆ కొండ ఊళ్ళ వాళ్ళ మాట విన్నవాడిలా మాట్లాడు. మనం వాళ్ళ పక్కన బతుకుతున్నవాళ్ళం, తెలియదంటే సిగ్గుచేటు.

డబ్బు. పేరున్న ఏడాది కోర్సుల ఫీజులు చాలావరకు 30 లక్షలు దాటాయి, దానికి ఏడాది జీతం పోవడం కలుపుకో. నువ్వు 25 లక్షలు అప్పు తీసుకుంటే 10 శాతం వడ్డీకి పదేళ్ళలో తీర్చాలంటే నెలకి సుమారు 33 వేలు కట్టాలి, చదివే కాలంలో పెరిగే వడ్డీ ఇంకా వేరు. ఈ అంకె కాగితం మీద రాసి నాన్నగారికి, రేపు పెళ్ళి మాటలొస్తే అవతలివాళ్ళకి కూడా చూపించు. పేరున్న సంస్థల్లో చదివేవాళ్ళకి తాకట్టు, హామీ లేకుండా ఇచ్చే పీఎం విద్యాలక్ష్మి పథకం 2024 నవంబరులో ఆమోదం పొందింది, నువ్వు వెళ్ళే సంస్థ ఆ జాబితాలో ఉందో లేదో చూడు. తాకట్టు పెట్టాల్సి వస్తే మాత్రం మన జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ఏరియా, 1956 నాటి రెండో రెగ్యులేషన్ వల్ల ఆదివాసీల భూమి ఇతరుల పేరు మీదికి రావడం కుదరదు కాబట్టి, బ్యాంకు లాయరు మన ఇంటి పట్టా పుట్టుపూర్వోత్తరాలు అన్నీ తవ్వుతాడు. మా ఇంటి కాగితాలకి నాలుగు నెలలు పట్టింది. సీటొచ్చాక మొదలుపెడితే ఫీజు గడువు దాటిపోతుంది, పరీక్ష రాసే నాటికే కాగితాలు తీసి పెట్టు. కట్టే వడ్డీకి ఆదాయపు పన్నులో ఎనిమిదేళ్ళు మినహాయింపు ఉంది, పాత పన్ను పద్ధతిలో ఉంటేనే.

పెళ్ళి గురించి నేను చెప్పగలిగింది తక్కువ. నా పెళ్ళి చదువుకి ముందే అయింది, మా ఆవిడ ఆ ఏడాది పుట్టింట్లో పర్లాకిమిడిలో ఉంది. కష్టమే అయింది. ఆమెకి ముందే అన్నీ చెప్పి వెళ్ళాను కాబట్టి దాటగలిగాం.

ఉద్యోగం మానడం గురించి ఇంకోసారి చెప్తాను, ఎందుకంటే ఏడాదికి ఇద్దరు ముగ్గురు ఈ తప్పు చేసి ఫోన్ చేస్తున్నారు. రాజీనామా చేసి ఇంట్లో కూర్చుని చదివితే ఫారంలో ప్రస్తుత ఉద్యోగం అన్న గడి ఖాళీ అవుతుంది, ఎందుకు మానావన్నది మొదటి ప్రశ్న అవుతుంది, సీటు రాకపోతే అదే ప్లాంటులో మళ్ళీ కాంట్రాక్టరు కింద చేరాల్సి వస్తుంది. అడ్మిషన్ లెటరు చేతికొచ్చి, లోను మంజూరు అయ్యాక రాజీనామా ఇవ్వు. నోటీసు పీరియడ్ మూడు నెలలయితే దాన్ని ముందే లెక్కలో పెట్టుకో, చేరేటప్పుడు రిలీవింగ్ లెటరు అడుగుతారు.

చివరిగా ట్రాన్స్‌క్రిప్టులు, అంటే యూనివర్సిటీ ముద్ర వేసి ఇచ్చే మార్కుల పత్రాలు. నేను చదివిన యూనివర్సిటీ వాళ్ళు నాకు రెండున్నర నెలలు తిప్పారు, రెండుసార్లు వెళ్ళాల్సి వచ్చింది, మొదటి ఏడు ఒక కాలేజీ గడువు అలాగే పోయింది. నీకు వచ్చే వీక్లీ ఆఫ్‌కి ఒక రోజు క్యాజువల్ లీవు కలిపి వెళ్ళి, బీటెక్‌వి నాలుగు సెట్లు, వీలైతే సీజీపీఏని శాతంలోకి మార్చే లెటరు కూడా అడిగి, రసీదు తీసుకునే రా. డిప్లొమావి పాలిటెక్నిక్‌లో వేరుగా అడగాలి. అవి వచ్చేలోగా నోటు పుస్తకంలో మొదటి పది పేజీలు రాసి ఉంచు, తెలుగులో ఉన్నా సరే ఫొటో తీసి ఇక్కడే పెట్టు, చదివి చెప్తాను.